మార్వా గొంతున్న ప్లేటు

లిన్వల్ గుడెన్ ఇళ్లకు రంగులు వేస్తాడు. మా ఈస్టన్ పేటలో సగం గుమ్మాలు అతని చేతి మీదుగా రంగు మారినవే. కిటికీ అంచు దారం పట్టి గీసినట్టు తిన్నగా వస్తుంది, నేల మీద ఒక్క చుక్క పడదు. పని అయ్యాక తాగిన టీ కప్పు కూడా తనే కడిగి బోర్లించి వెళ్తాడు. ఇంత బుద్ధిమంతుడు ఒక్క విషయంలో మాత్రం మహా మొండి. నేను చెప్పబోయేది ఆ ఒక్క విషయమే.

నా పేరు నెవిల్. పగలు బస్సు తోలుతాను, మిగతా టైమంతా డ్రమ్ములు వాయిస్తాను. లిన్వల్, నేనూ ఇంగ్లండులో ఈ బ్రిస్టల్ ఊళ్లోనే ఒకే బడిలో, ఒకే మాస్టారి చేత తిట్లు తిన్నవాళ్లం. కాబట్టి వాణ్ని తిట్టే హక్కు నాకుంది. ఇంకెవరైనా తిడితే మాత్రం ఊరుకోను.

వాళ్ల నాన్న జమైకా నుంచి వచ్చి చాక్లెట్ ఫ్యాక్టరీలో చేరాడు. వారమంతా అక్కడ చాకిరీ చేసి, శనివారం వస్తే తన సౌండ్ తీసేవాడు. సౌండ్ అంటే మా వాళ్లకు ఉత్త మోత కాదు. బీరువాలంత స్పీకరు పెట్టెలూ, వాటిని మోసే మనుషులూ, రికార్డులూ, అన్నీ కలిపి ఒక పేరు. ఆ పేరు కోసం తన్నుకునేవాళ్లు. ఆదివారం పొద్దున వాళ్లింటికి వెళ్తే స్నానాల తొట్టిలో రికార్డులు నానుతూ ఉండేవి. మధ్యలో అతికించిన కాగితం ఊడొచ్చేదాకా నానబెట్టి, పెద్దాయన గోటితో గీకేసేవాడు. పాట పేరేమిటో, పాడిందెవరో పక్క సౌండ్ వాళ్లకు తెలియకూడదు. లిన్వల్ స్నానం చేయాలంటే ఆ రికార్డులు బయటికి వచ్చేదాకా తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడాలి. వాడి బుద్ధి అక్కడే తయారైందని నా అనుమానం.

మా కాలానికి పాట మారింది. డ్రమ్ముల వేగం రెట్టింపైంది, బేసు మాత్రం నాన్నల కాలంలాగే నిదానంగా, కడుపులో మోగేలా ఉండిపోయింది. డ్రమ్ అండ్ బేస్ అని పేరు పెట్టారు. పెద్దవాళ్లు అది పాట కాదు, పిచ్చి అన్నారు. మేము వాళ్ల స్పీకరు పెట్టెలే తీసుకెళ్లి అందులో ఆ పిచ్చే మోగించాం.

అప్పట్లో మాకొక పద్ధతి ఉండేది. కొత్త పాట తయారైతే ముందు ఒకే ఒక్క ప్లేటు కోయించేవాళ్లం. అల్యూమినియం పళ్లెం మీద లక్క పూత పూసి, దాని మీద పాట గీస్తారు. దుకాణంలో అమ్మే రికార్డులా గట్టిది కాదది. ముల్లు దిగిన ప్రతిసారీ కొంచెం అరుగుతుంది. కొన్నాళ్లు డాన్సుల్లో వేసి, జనం ఊగుతున్నారో లేదో చూసుకుని, అరిగేలోపు పాటను అచ్చు వేయించి ఊరి మీదికి వదిలేయాలి. అందరూ అదే చేసేవాళ్లు. లిన్వల్ తప్ప.

మార్వా మా పేట రొట్టెల దుకాణంలో పనిచేసేది. జుట్టుకి గుడ్డ కట్టుకుని, మోచేతుల దాకా పిండితో, వచ్చినవాళ్లందరినీ ఆటపట్టిస్తూ ఉండేది. చర్చిలో పాడితే పాస్టరు ప్రసంగం మరిచిపోయేవాడు. నేను వాయించిన డ్రమ్ములు మెషిన్లో కోసి, అతికించి, లిన్వల్ ఒక బేసు కట్టాడు. దాని మీద మార్వా పాడింది. స్టూడియో లేదు, ఏమీ లేదు, ఆమె వంటింట్లోనే. మైకు పట్టుకుని నిలబడింది లిన్వల్ ఒక్కడే. ఆ రోజు నా బస్సు డ్యూటీ, నేను లేను.

గడియ పెట్టకు, కొండెక్కి వస్తున్నా. పొయ్యి ఆర్పకు, నేనింకా తినలేదు. అంతే పాట. ఈ రెండు ముక్కలే మళ్లీ మళ్లీ. రెండో ముక్క మధ్యలో చిన్న నవ్వు. ఆకలి మీద ఉన్న మనిషి అంత హాయిగా ఎలా పాడుతుందో నాకిప్పటికీ తెలియదు. లండన్ వెళ్లి ప్లేటు కోయించుకొచ్చాం. ఇంటికొచ్చిన రోజే లిన్వల్ ఆమె గొంతున్న టేపు మొత్తం చెరిపేశాడు.

"ఎందుకురా చెరిపావ్?" అన్నాను.

"రెండోది ఎవడూ కోయించకుండా."

"ఎవడు కోయిస్తాడు? ఉన్నది నువ్వూ నేనేగా."

"నిన్ను నమ్మమంటావా?" అని పళ్లికిలించాడు.

మార్వాకు చెబితే కోపగించుకోలేదు. పైగా మురిసిపోయింది. "చూశావా నెవ్, నా పాట వినాలంటే ఎంతటోళ్లైనా ఇల్లు కదిలి రావాల్సిందే" అంది. అలా అనుకోవడంలో ఒక దర్జా ఉంది. ఆ దర్జా మా అందరికీ ఎక్కింది.

ఆ పాట పడితే డాన్సు ఎలా ఉండేదో చెప్పాలి. బేసు మొదలవగానే జనం గోడలు బాదేవాళ్లు. "వెనక్కి! వెనక్కి తిప్పు!" అని కేకలు. లిన్వల్ ప్లేటు మీద చెయ్యేసి, ముల్లు దిగే ఉండగా సర్రున వెనక్కి లాగి, మళ్లీ మొదటి నుంచి వేసేవాడు. మళ్లీ కేకలు, మళ్లీ వెనక్కి. ఎన్నిసార్లు వెనక్కి తిప్పించుకుంటే సౌండ్‌కు అంత పేరు. జనానికి మాటలు నోటికొచ్చేశాక, మార్వా గొంతు వచ్చే చోట లిన్వల్ ఠక్కున మోత తగ్గించేసేవాడు. హాలు మొత్తం ఒక్క నోటితో పాడేది. గడియ పెట్టకు, కొండెక్కి వస్తున్నా. వాడు మాత్రం హెడ్‌ఫోన్ ఒక చెవికి, భుజానికి మధ్య నొక్కిపట్టి, తల వంచి, తర్వాత వేయబోయే రికార్డు అందులో వింటూ ఉండేవాడు. వాడి మొహంలో ఆ గర్వం చూస్తే ఒక్కటి పీకాలనిపించేది, ముద్దూ వచ్చేది.

ఏడాది, రెండేళ్లు గడిచాయి. ఒక వేసవి, కార్నివాల్ జాతర రోజు మధ్యాహ్నం వీధిలో మా స్పీకర్లు నిలబెట్టి ఉన్నాయి. మార్వా కూతురు కెజయాని చంకనేసుకుని, ఇంకో చేత్తో మొక్కజొన్న కంకి తింటూ వచ్చింది.

"లిన్, ఇక వదిలెయ్యి ఆ పాట. ఆ ప్లేటు నుంచే అచ్చు వేయించు. ఇది పెద్దయ్యాక కొట్టుకెళ్లి వాళ్లమ్మ పాట కొనుక్కోవాలి."

"ఈ ఒక్క వేసవి ఆగు మార్వా."

"పోయినేడూ ఇదే కూత కూశావ్."

"పోయినేడాది వేసవి వేరు, ఈ ఏడాది వేసవి వేరు."

"నీ వేసవులు మండిపోనూ" అని కంకితో వాడి నెత్తిన ఒకటిచ్చి, నవ్వుతూ వెళ్లిపోయింది. ఆ తర్వాత వేసవికి కూడా అడిగింది. వీడూ అదే మాట చెప్పాడు. ఆ పై వేసవికి ఆమె లేదు. వచ్చిన జబ్బు పేరు మాకు నోరు తిరిగేలోపే తీసుకుపోయింది. కెజయా ఇంకా బడిలో కూడా చేరలేదు.

అప్పుడైనా వదులుతాడనుకున్నాం. వదల్లేదు సరికదా, ఇంకా బిగిసిపోయాడు. "ఇప్పుడు ఆమె గొంతు నా దగ్గర తప్ప ఎక్కడా లేదు నెవ్. దాన్ని బజారున పెట్టమంటావా?" అనేవాడు. వాడి డాన్సులో ఎవడైనా టేపు రికార్డరుతో కనిపిస్తే గెంటించేవాడు. ఏటా కార్నివాల్‌కి మాత్రం మార్వా పేరు మైకులో చెప్పి ఆ ప్లేటు వేసేవాడు. జనం ఏడుస్తూ పాడేవాళ్లు, వెనక్కి తిప్పమనేవాళ్లు, వీడు తిప్పేవాడు. మిగతా రోజుల్లో దాన్ని మెత్తటి దిండుగలీబులో పెట్టి బీరువా మీద దాచుకునేవాడు. పెళ్లి చేసుకోలేదు. చేసుకున్నా ఆవిడ ఆ బీరువాతో సవతిపోరు పడాల్సి వచ్చేది.

కెజయా అమ్మమ్మ దగ్గర పెరిగింది. బేసు గిటారు పట్టుకుంది. పెద్దదై ఒక బ్యాండు కట్టి, తాము నడిచే రోడ్డు పేరే, పెన్నీవెల్ అని పెట్టింది. మెషిన్లు కాకుండా మనుషులే నిలబడి వాయించే డ్రమ్ అండ్ బేస్. ఆ వేగంతో డ్రమ్ములు వాయించడానికి కుర్రాడెవడూ దొరకలేదు కాబోలు, నన్ను పిలిచింది. నా మోకాళ్లు వద్దన్నాయి, నేను సరేనన్నాను.

పోయిన చలికాలం మా మూడో ఆల్బమ్ మొదలుపెట్టాం. రైలు వంతెన కింద ఇటుకల కమానులో స్టూడియో. పైన రైలు పోతే రికార్డింగు ఆపాలి. దాన్ని నడిపే గారెత్ వేల్స్ మనిషి, ఎవరి మీదా గొంతు పెంచడు, రైళ్ల మీద తప్ప. పాటలన్నీ అయ్యాయి. చివరి పాటకు చోటు ఖాళీగా ఉంచి కెజయా నాతో అంది:

"ఆఖర్న అమ్మ పాట పెట్టాలి నెవ్ అంకుల్. డ్రమ్ములూ బేసూ మనం వాయించుకుందాం. గొంతు మాత్రం అమ్మదే ఉండాలి."

"ఆ మొండోడు ఇవ్వడమ్మా."

"చేపల కొట్టు ఆవిడ నన్ను చూడగానే ఆ పాట ఎత్తుకుంటుంది. బస్ డిపోలో మీవాళ్లు పాడతారు. నా పెళ్లిలో అందరూ పాడారు. ఊళ్లో అందరి నోటా విన్నాను, అమ్మ నోట తప్ప. నువ్వెళ్లి అడుగు."

వెళ్లాను. లిన్వల్ ఎవరిదో గుమ్మానికి ఆకుపచ్చ రంగు వేస్తున్నాడు. విషయం చెబితే బ్రష్షు ఆపలేదు. "ఆ పిల్లనే వచ్చి అడగమను" అన్నాడు. ఇరవై ఏళ్లకు పైగా ఒకే పేటలో ఉంటూ వీళ్లిద్దరూ మాట్లాడుకున్నది బహుశా నాలుగు ముక్కలు. తల్లి గొంతు దాచిపెట్టుకున్నవాడితో ఏం మాట్లాడుతుంది? కళ్లు కలపడానికి వాడికీ భయమే.

నేను ఫోన్ చేస్తే కెజయా అక్కడికే వచ్చింది. కోపంగా ఉంది. నాన్చలేదు.

"మీ దగ్గర ఉన్నది నాది లిన్ అంకుల్."

"తెలుసమ్మా."

"తెలిసే ఇన్నాళ్లూ ఇవ్వలేదా?"

"జాగ్రత్తగా చూసుకున్నాను."

"నేను ఇప్పుడు అమ్మకంటే పెద్దదాన్ని. పోయిన నెలతో ఆమె వయసు దాటేశాను. ఇంకా ఏ వేసవి దాకా ఆగమంటారు?"

లిన్వల్ బ్రష్షు డబ్బాలో పెట్టేశాడు. సగం రంగు వేసిన తలుపును అలాగే వదిలి మెట్టు మీద కూర్చున్నాడు. వాడి జీవితంలో పని మధ్యలో ఆపడం నేను చూసింది అప్పుడే. "గురువారం తెస్తాను" అన్నాడు.

తెచ్చాడు. ఇస్త్రీ చొక్కా, పాలిష్ పెట్టిన బూట్లు. ఒక చేతిలో దిండుగలీబు, ఇంకో చేతిలో అందరికీ వేయించిన చేపలూ రొట్టే. పెళ్లిచూపులకు వచ్చినవాడిలా కూర్చున్నాడు. నిజం చెబుతున్నాను, వాడి మీద నాకున్న కోపమంతా ఆ చేపల వాసనతోనే సగం పోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత వాడు సరైన పని చేస్తున్నాడు. ఆ సంగతి వాడికీ తెలుసు, అందుకే కాలు ఒకచోట నిలవడం లేదు.

గారెత్ ప్లేటును రెండు చేతులతో అందుకుని, మెత్తటి బట్టతో తుడిచి, ముల్లు దించాడు. బేసు వచ్చింది. అబ్బ, ఆ బేసు! గది నేల వణికింది. కెజయా రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది. గొంతు వచ్చే చోటు దగ్గర పడింది. వచ్చింది.

బాండీలో నూనె చిటపటలాడినట్టు శబ్దం. దాని వెనక ఎక్కడో, తలుపు అవతల ఎవరో గొణుగుతున్నట్టు ఏదో. అంతే.

"ముల్లు తుడువు" అన్నాడు లిన్వల్.

గారెత్ తుడిచాడు. మళ్లీ వేశాడు. అదే. ముల్లు మార్చాడు, ఇంకొకటి మార్చాడు, ఏవేవో మీటలు తిప్పాడు. చిటపటలు తగ్గితే గొణుగుడు కూడా తగ్గింది. చివరికి మెల్లగా చెప్పాడు: "బేసు గీత లోతుగా, వెడల్పుగా ఉంటుంది, నిలుస్తుంది. గొంతు ఉండేది సన్నటి గీతల్లో. అరిగితే ముందు పోయేవి అవే. ఇందులో గొంతు లేదండీ. పోయి చాలా ఏళ్లయి ఉంటుంది."

లిన్వల్ లేచి నిలబడ్డాడు. "ఏం మాట్లాడుతున్నావయ్యా? నిరుడు కార్నివాల్‌లో బ్రహ్మాండంగా మోగింది! నెవ్ ఉన్నాడు, అడుగు. చెప్పరా! వీధి వీధంతా పాడలేదూ?"

నేను అవునన్నట్టు తలూపాను.

"పాడింది వీధే అంకుల్" అంది కెజయా. "మీరు మోత తగ్గించేవారు కదా."

అప్పుడు వాడికి అర్థమైంది. గొంతు వచ్చే చోటల్లా తగ్గించాడు, జనం పాడారు. ఏడాదికేడాది ఆమె పోతూ ఉంటే, ఆ పాట పాడుతున్న మా అందరి అరుపుల కింద ఒక్కరికీ వినపడలేదు. ఒకప్పుడు ఎవడో జేబులో రికార్డరు దాచి తీసిన కేసెట్టు ఒకటుందని తర్వాత వెతికి పట్టుకున్నాం. అందులోనూ మేమే ఉన్నాం, ఆమె లేదు.

కెజయా బయటికి వెళ్లిపోయింది. లిన్వల్ నా కారు పక్కన పేవ్‌మెంటు మీద, ఆ ఇస్త్రీ చొక్కాతోనే కూలబడ్డాడు. చేపలు ఎవరూ ముట్టుకోలేదు.

"కాపలా కాస్తున్నాననుకున్నా నెవ్" అన్నాడు. "నా చేత్తో నేనే గీకేశాను. ప్రతి ఏడూ దండం పెట్టుకుని మరీ గీకాను. ఆ పిల్ల మొహం చూశావా?"

తిడదామని ఎన్నో ఏళ్లుగా దాచుకున్న మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఒక్కటీ పనికి రాలేదు. పక్కన కూర్చున్నాను. పైన రైలు పోయింది.

కొన్నాళ్లు స్టూడియో మూతబడింది. కెజయా ఫోనెత్తలేదు. ఆల్బమ్ ఆపేస్తుందనే అనుకున్నాను. తర్వాత ఒక ఆదివారం చర్చి అయ్యాక రమ్మని కబురు చేసింది. వెళ్లి చూస్తే ఇటుకల గదిలో కాలు పెట్టే సందు లేదు. చేపల కొట్టావిడ, బస్ డిపో వాళ్లు, ఒక నర్సు, రొట్టెల దుకాణం పాత యజమాని, అప్పట్లో గోడలు బాదిన మొహాలన్నీ. అందరికీ పొట్టలొచ్చాయి, కొందరికి జుట్టు పోయింది. ఒకాయన కుర్చీ కావాలని గొడవ చేస్తున్నాడు.

"బాగా పాడాలని చూడకండి" అని చెప్పింది కెజయా. "డాన్సులో ఎలా పాడేవాళ్లో అలాగే పాడండి."

లిన్వల్‌ని నేనే బలవంతంగా లాక్కొచ్చాను. గుమ్మం దగ్గరే గోడకి అతుక్కుపోయాడు. గారెత్ ఆ ప్లేటు మీద మిగిలిన బేసు మోగించాడు. వీళ్లు కళ్లు మూసుకుని ఎత్తుకున్నారు. గడియ పెట్టకు, కొండెక్కి వస్తున్నా. పొయ్యి ఆర్పకు, అన్నచోట అందరూ, ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ, ఒకేసారి చిన్నగా నవ్వి, నేనింకా తినలేదు అని ముగించారు.

కెజయా చెయ్యెత్తి ఆపింది. "అక్కడ ఎందుకు నవ్వుతారు? చిన్నప్పట్నుంచీ చూస్తున్నా, ఎవరు పాడినా అక్కడ నవ్వుతారు."

"అక్కడ నవ్వాలి" అంది చేపల కొట్టావిడ.

"అదే, ఎందుకని?"

ఎవరికీ తెలియదు. గుమ్మం దగ్గర్నుంచి లిన్వల్ గొంతు సవరించుకున్నాడు.

"నీ వల్లే. వంటింట్లో ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టింది నిన్ను. చెంచాడు గంజి నా మీదికి విసిరావు. నేను మైకు పట్టుకుని కదలకుండా అలాగే నిలబడ్డాను. గంజి నా కళ్లజోడు మీంచి కారింది. అది చూసి మీ అమ్మ నవ్వింది. పాట ఆపలేదు."

కెజయా రెండు అరచేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు, భుజాలు మాత్రం కదిలాయి. కాసేపటికి కళ్లు తుడుచుకుని వాడి దగ్గరికి నడిచి, మోచెయ్యి పట్టుకుని మైకు ముందుకి తీసుకొచ్చి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించింది.

"నువ్వు కూడా పాడు అంకుల్."

"నేనొద్దమ్మా."

"పాడకపోతే ఊరుకోను."

మళ్లీ బేసు మొదలైంది. అందరూ పాడారు. లిన్వల్ పెదాలు కదిలాయి, గడియ అన్నాడు, ఆగిపోయాడు. పక్కవాళ్ల నోళ్ల వంక చూసి అందుకోబోయాడు, వెనకబడ్డాడు. పాట చుట్టు తిరిగి మళ్లీ వచ్చింది, మళ్లీ అదే. మొహం చిన్నబోయింది. నాకప్పుడు తట్టింది. పాట నడిచినంతసేపూ వాడి చెవిలో ఉన్నది తర్వాతి రికార్డు. వంటింట్లో మైకు పట్టుకున్న రోజూ, ప్లేటు కోయించిన రోజూ తప్ప, ఊరంతా విన్న ఆ పాటను లిన్వల్ ఎప్పుడూ వినలేదు.

"నాకు మాటలు రావు" అన్నాడు. ఆ మాట అందరికీ వినపడింది.

గారెత్ బేసు ఆపేశాడు. కెజయా వాడికి ఎదురుగా నిలబడి, వాడి చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది.

"నేను చెప్తాను, నా వెనకాల అను" అంది. "గడియ పెట్టకు."

"గడియ పెట్టకు" అన్నాడు లిన్వల్.

"కొండెక్కి వస్తున్నా."

వాడి వల్ల కాలేదు. ఆమె ఆగింది. పైన రైలు వెళ్లిపోయేదాకా అందరం అలాగే నిలబడ్డాం. తర్వాత ఆమె మళ్లీ మొదటి నుంచి చెప్పింది.